జలపాతములు – వానిలోని భేదములు

ఒకనాడు భూగోళ పాఠము చెప్పుచు, "మీలో జలపాతమును కన్నులార చూచినవా రెవరు?" అని మేము తరగతి నడిగితిమి. ఒక్క చేయియైనను లేవలేదు. అందులో వింత యేమియు లేదు. గుమ్మఘట్ట ప్రాంతమున పుట్టి పెరిగిన పిల్లలకు నీరు పైనుండి క్రిందికి దూకుట కన్న, బావిలో క్రిందినుండి పైకి తోడుటయే యెక్కువ పరిచితము. కొంత తడవునకు వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, మా చెరువు మరువ పారినప్పుడు నీళ్లు దూకుతాయి కదా! అది జలపాతం కాదా?" అనెను. తరగతి యంతయు నవ్వెను. మేము నవ్వలేదు; కాని ఆ ప్రశ్నకు తగిన సమాధానమును అప్పటికప్పుడు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాలునకు మేము బాకీపడిన సమాధానము. ముందు లోకములోని జలపాతములను గూర్చి తెలిసికొని, తుదకు మరువ యొద్దకు వత్తము.

జలపాతమనగా నేమి?

పారుచున్న నీరు నేలయొక్క ఎత్తులో కలిగిన ఆకస్మికమైన తగ్గు వలన నిటారుగా గాని, మిక్కిలి వాలుగా గాని క్రిందికి పడునెడ దానిని జలపాతమందుము. నది పొడవునను వాలు ఉండును. వాలు లేనిదే నీరు పారదు. అయితే ఆ వాలు మెల్లమెల్లగా నుండక ఒక్కచోట తెగిపడినప్పుడే జలపాత మేర్పడును. ఇట్టి తెగుదల కలుగుటకు కారణములు పెక్కులు గలవు. వానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది, గట్టిరాయియు మెత్తని రాయియు ఒకదానిపై నొకటి యుండుట. పైపొర గట్టిది, క్రిందిపొర మెత్తనిది అయినచో, నీరు క్రిందిపొరను త్వరగా తొలుచును. పైపొర అంచు చూరువలె ముందుకు నిలిచియుండును. ఉత్తర అమెరికాలో కెనడాకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ నున్న నయాగరా దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అచ్చట పైన డోలమైటు రాయియు, దాని క్రింద మెత్తని పలకరాయియు కలవు.

రెండవది, భూమి పగులుటయు, ఒక భాగము లేచియుండి మరియొక భాగము దిగిపోవుటయు. పీఠభూముల అంచులయందు నదులు దూకుట కొన్నిచోట్ల ఈ కారణముననే. దక్షిణ అమెరికాలో వెనెజులా దేశమునందలి ఏంజెల్ జలపాతము ఒక మహాపీఠశిల అంచునుండి 979 మీటర్లు దిగును. ప్రపంచమున ఇంతకంటె ఎత్తైన జలపాతముగా పేరుపొందినది వేరొకటి లేదు. మన పడమటి కనుమల అంచున గల జలపాతములును పీఠభూమి అంచునుండి దూకునవియే.

మూడవది, హిమానీనదముల పని. పూర్వము మంచునదులు పెద్ద లోయలను మిక్కిలి లోతుగా కోసెను. ప్రక్కనుండి వచ్చు చిన్న లోయలు పైననే వ్రేలాడుచు మిగిలిపోయెను. మంచు కరగిన పిమ్మట ఆ చిన్న లోయలలోని యేరులు పెద్దలోయలోనికి దూకవలసి వచ్చెను. స్విట్జర్లాండులోని స్టౌబాఖ్ జలపాతము, అమెరికాలోని యోసెమిటి జలపాతము ఈ జాతివి. యోసెమిటి మూడు భాగములుగా మొత్తము 739 మీటర్లు దిగును. మన దక్కను పీఠభూమిలో ఇట్టి మంచులోయలు లేవు గనుక ఈ రకపు జలపాతములును లేవు.

ఆకారమును బట్టి భేదములు

పుట్టుకను బట్టి మూడు రకములైనను, చూచువారి కంటికి జలపాతములు మరి కొన్ని విధములుగా కనబడును.

నీరు రాతిని తాకక గాలిలో నిటారుగా పడునది దూకుడు జలపాతము. రాతిని విడువక దానినంటుకొనియే జారునది జారుడు జలపాతము. పైన సన్నముగా నుండి దిగుకొలది విచ్చుకొనినచో అది విసనకర్రను పోలును. నది వెడల్పంతయు ఒక్కసారిగా పడినచో అది తెరవంటి జలపాతము. ఒకదాని క్రింద నొకటిగా అంచెలంచెలుగా దిగునది మెట్ల జలపాతము. నడుమ బండలు అడ్డుపడి నీరు పాయలుగా చీలి పడినచో అది చీలిక జలపాతము. ఎత్తు తక్కువయై, నీరు మాత్రము అధికమై, బండలనడుమ ఉరవడిగా పోవునది ఉరుకు జలపాతము. ఒకే జలపాతము రెండు మూడు రకములలో చేరుటయు, వానకాలమున ఒకరకముగను వేసవిలో మరియొక రకముగను కనబడుటయు కలదు.

తెలుగునాట వీనికి ఉదాహరణములు లేకపోలేదు. తిరుపతి ప్రాంతపు అడవులలోని తలకోన సుమారు 82 మీటర్ల ఎత్తునుండి దిగును. తెలంగాణమున నేరడిగొండ చెంత కడెం నదిపై నున్న కుంటాల సుమారు 45 మీటర్లు మెట్లు మెట్లుగా దిగుచున్నది. పల్నాటిలో చంద్రవంకపై నున్న ఎత్తిపోతల సుమారు 21 మీటర్లదే యైనను, పాయలుగా విడిపోయి పడుటచే చూడ ముచ్చటగా నుండును. ఆంధ్రకును ఒడిశాకును సరిహద్దున మాచ్‌ఖండ్ నదిపై గల డుడుమ సుమారు 175 మీటర్ల జలపాతము.

విశాలమైన తెరకు నిదర్శనము ఆఫ్రికాలో జాంబెజీ నదిపై గల విక్టోరియా జలపాతము. దాని వెడల్పు సుమారు 1,700 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు. 1855లో దానిని చూచిన లివింగ్‌స్టన్ దొర తమ రాణి పేరు పెట్టెను గాని, అచ్చటి ప్రజలు అంతకు ముందే దానిని 'ఉరుమునట్టి పొగ' అని అర్థమిచ్చు పేరుతో పిలుచుచుండిరి. మన పొరుగుననే కావేరిపై హొగెనకల్ అను ఉరుకు జలపాతము కలదు. కన్నడము వినుచు పెరిగిన మన పిల్లలకు దాని యర్థము చెప్పనక్కరలేదు: హొగె యనగా పొగ, కల్లనగా రాయి. సముద్రములకు ఆవలనున్నవారును, మన పొరుగువారును ఒకరినొకరు ఎరుగకయే నీటితుంపరను చూచి పొగయనియే తలచిరి. చీలిక జలపాతములలో దక్షిణ అమెరికాలోని ఇగువాసు ప్రసిద్ధము; అది రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పున వందలకొలది ధారలుగా పడును.

ఈ భేదములను ఒక్కచోటనే చూడగోరువారు కర్ణాటకమున శరావతీ నదిపై గల జోగ్ జలపాతమునకు పోవలెను. ఎత్తు 253 మీటర్లు. అచ్చట నది నాలుగు ధారలుగా పడును. రాజా యనునది రాతినంటక నేరుగా దూకును. గర్జించునది యను అర్థముగల రోరర్ బండల నడుమ హోరెత్తుచు వంగి వచ్చును. రాకెట్ అనునది చిమ్మినట్లు పాయలుపాయలుగా వెలికి దూకును. రాణి యనునది రాతిమీదుగా నురుగుతెరవలె సద్దులేక జారును. ఒకే నది, ఒకే కొండయంచు. నీరు రాతిని తాకు విధము మారుటచే ఇన్ని రూపములు.

కాలమును బట్టి భేదములు

మన సీమవారు గమనింపవలసిన భేదము మరియొకటి కలదు. కొన్ని జలపాతములు సంవత్సరము పొడవునను పారును. కొన్ని వానపడిన దినములలోనే పారును. కదిరి ప్రాంతమున తలుపుల మండలములోని బట్రేపల్లి జలపాతము ఈ రెండవ జాతిది. మంచి వానకు కొండపై నీరు చేరినపుడు అది దూకును. ఎండకాలమున పోయినవారికి ఎండిన బండయే కనబడును. అయినను అది జలపాతము కాదని యెవరును అనరు.

నీటి పడుట వలని ప్రయోజనము

పడు నీటిలో శక్తి కలదు. ఆ నీటిని గొట్టములద్వారా దింపి చక్రములను త్రిప్పించినచో విద్యుచ్ఛక్తి పుట్టును. కావేరిపై శివసముద్రమున 1902లో పుట్టించిన విద్యుత్తు దూరముననున్న కోలారు బంగారు గనులకు పోయెను. జోగ్ వద్ద 1948లో విద్యుత్కేంద్రము పని నారంభించెను. డుడుమ నీటితో నడచు మాచ్‌ఖండ్ కేంద్రము 1955లో మొదలయ్యెను.

ఈ లాభమునకు వెల యును కలదు. ఎగువ లింగనమక్కి ఆనకట్టను 1964లో కట్టిన పిమ్మట జోగ్ ధారలు వానకాలమున తప్ప పలుచనయ్యెను. బ్రెజిల్, పరాగ్వే దేశముల సరిహద్దున గల గ్వైరా జలపాతము 1982లో ఇతైపు జలాశయము నిండుటతో పూర్తిగా మునిగిపోయెను. దీపములు వెలిగినవి, జలపాతము లేకపోయెను. ఏది మేలని తూచుట పెద్దల పని. తూచవలసిన వస్తువులు రెండున్నవని తెలిసికొనుట విద్యార్థుల పని.

మనకేల జలపాతములు లేవు?

జోగ్ జలపాతము మన గుమ్మఘట్టకు పడమటగా ఇన్నూరు కిలోమీటర్లకు కొంచెము మించిన దూరముననే యున్నది. అచ్చట అంత నీరు, ఇచ్చట ఇంత కరవు ఏల? ఒకే కొండవరుస రెంటికిని కారణము. నైరృతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి తేమను మోసికొని వచ్చి పడమటి కనుమలను తాకి పైకి లేచును. పైకి లేచినకొలది చల్లబడి తన నీటిని అచ్చటనే కురిపించును. ఆ కనుమలలోని ఆగుంబెలో సంవత్సరమునకు సుమారు ఏడు మీటర్ల వాన పడుచున్నది. కొండ దాటి మనయొద్దకు వచ్చుసరికి ఆ గాలి సంచి చాలవరకు ఖాళీ. ఈశాన్య ఋతుపవనమో తూర్పు తీరమున కురిసి, మిగిలినది మనకిచ్చును. కావున అనంతపురము సీమకు సంవత్సరమున పడునది సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. కనుమలు జోగ్‌నకు నీరిచ్చిన చేతితోనే మనకు వాననీడ నిచ్చినవి.

అయినను ఆ కనుమలు మనల పూర్తిగా మరువలేదు. చిక్కమగళూరు ప్రాంతపు కొండలలో పుట్టిన వేదవతీ నది, హగరి యను పేరుతో మన సీమకు వచ్చి, భైరవానితిప్ప జలాశయమును నింపవలసి యున్నది. ఎగువ హిరియూరు చెంత దానిపై వాణీవిలాస సాగరము కలదు. ఆ సాగరము 1933లో నిండి పొరలిన పిదప మరల పొరలినది 2022 సెప్టెంబరులో. నడుమ ఎనుబదితొమ్మిది సంవత్సరములు. ఒక తరము వారు పుట్టి, పెరిగి, ముసలివారై, ఆ నీరు దూకుట చూడకయే పోయిరి. నీరు పొరలుట మన సీమలో ఎంత యపురూపమో దీనిచే తెలియును.

జలపాతము వెనుకకు నడచును

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. జలపాతము కదలక నిలిచియుండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. పడు నీరు అడుగున గుంట త్రవ్వును. గుంటలో సుడి తిరుగుచు వెనుకనున్న గోడను తొలుచును. ఆధారము పోయిన పైయంచు విరిగి పడును. మరల క్రొత్తయంచునుండి నీరు దూకును, మరల త్రవ్వును. ఇట్లు జలపాతము నది వచ్చు దిక్కునకే అడుగులు వేయుచు వెనుకకు నడచును. నయాగరా సుమారు 12,000 సంవత్సరములలో ఇట్లు 11 కిలోమీటర్లు వెనుకకు పోయినది. నీటిలో చాలభాగము విద్యుత్తునకై మళ్లించుటచే ఇప్పుడా నడక మందగించినది. 1954లో అచ్చట అమెరికా వైపున కొండచరియ పెద్దయెత్తున విరిగిపడెను. 1969లో ఆ వైపు నీటిని కొన్ని నెలలు ఆపివేసి, రాతిని పరీక్షించిరి. విక్టోరియా జలపాతమునకు దిగువ మెలికలు తిరిగిన ఇరుకు లోయలన్నియు ఆ జలపాతము పూర్వము నిలిచిన చోట్లే.

ఇక మన బాలుని ప్రశ్న. చెరువు నిండిన పిదప మిగులు నీరు వెలికి పోవుటకై కట్టిన రాతిదారిని మన సీమలో మరువ యందురు. తెలంగాణమున అలుగనియు, నెల్లూరు సీమలో కలుజనియు చెప్పుదురు. ప్రకృతి కట్టినదే జలపాతమని భూగోళ గ్రంథములు నియమించును. ఆ నియమమును బట్టి మరువ జలపాతము కాదు. అయితే రాతిని పేర్చినది కొండయో, ఒడ్డెవాడో నీటికి తెలియదు. అది రెండుచోట్లను ఒకే విధముగా దూకును, ఒకే విధముగా త్రవ్వును. మరువమీద నీరు వెడల్పుగా పడినపుడు అది విక్టోరియావలె తెర. దిగువ రాళ్లపై విడిపోయినపుడు ఇగువాసువలె చీలిక. కావున ఆ బాలుడు చెప్పినదానిలో నవ్వదగినదేమియు లేదు. నవ్వినవారును దీనిని చదివి, ఈ వానకాలము మరువ యొద్దకు పోయి చూతురు గాక.

పూర్వులు దీనిని చక్కగా ఎరిగిరి. కనుకనే మరువ క్రింద పెద్ద రాళ్లను పరుపుగా పేర్చిరి. ఆ రాళ్లు అందముకొరకు కావు. పడు నీటి బలమును తాము భరించి, పునాదిని కాపాడుటకు. ఇంటికి మెట్లు కావలెననియో, గోడకు చాలలేదనియో ఒక్కొక్క రాయి ఎత్తుకొనిపోయినచో, మిగిలిన చోట నీరు గుంట త్రవ్వును. గుంట వెనుకకు నడచి మరువను పడద్రోయును. మరువ పోయిన చెరువు నిలువదు. పది సంవత్సరములకు ఒకమారు నిండు చెరువు ఆ ఒక్కమారును తెగిపోయిన, దాని క్రింది ఆయకట్టు గతి యేమి? పలుచోట్ల నీరు లేక కాదు, వచ్చిన నీటిని నిలుపలేక కరవు వచ్చుచున్నది.

పొలములోని జలపాతము

ఇంకను చిన్నదైన జలపాత మొకటి కలదు. దానిని చూడని రైతుబిడ్డ మన పాఠశాలలో ఉండడు; కాని దానిని జలపాతమని యెవరును గుర్తింపలేదు. ఎర్రనేల చేనిలో గట్టు తెగినచోటనో, బండిదారి పల్లమైన చోటనో వాననీరు చేరి వంకలోనికి మూరెడెత్తునుండి దూకును. అడుగున మట్టి కొట్టుకొనిపోవును. పైయంచు విరిగి పడును. వంక చేనిలోనికి ఒక్క అడుగు వేయును. నయాగరాకు రాయి యడ్డము గనుక వేల సంవత్సరములు పట్టినవి. మన మట్టికి ఒక్క రాత్రి చాలును. మీటరు వెడల్పు, మీటరు లోతు గల వంక రెండు మీటర్లు వెనుకకు నడచినచో రెండు ఘనమీటర్ల మట్టి పోయినదన్నమాట. అది మూడు నాలుగు ఎద్దులబండ్ల మట్టి. అంగుళము మందము గల సారమైన మట్టి పుట్టుటకు వందల సంవత్సరములు పట్టును. వేరుశనగ పండలేదని వానను నిందింతుము. వాన తీసికొనిపోయిన మట్టిని లెక్కింపము.

దీనికి చికిత్స కష్టమైనది కాదు. మొదట, పైనుండి వచ్చు నీరు ఆ యంచును చేరకుండ వాలునకు అడ్డముగా చేనిగట్లు వేసి, నీటిని అచ్చటచ్చటనే ఇంకింపవలెను. రెండవది, నిటారైన అంచును చెక్కి వాలుగా చేసి, రాళ్లు పరచి, గడ్డి నాటవలెను. అప్పుడది దూకక జారును. దూకుడు జలపాతమునకును జారుడు జలపాతమునకును గల భేదము పరీక్షలో మార్కులకే కాదు, చేను నిలుపుటకును పనికివచ్చునని ఇచ్చట గ్రహింపవలెను. మూడవది, వంకలో అచ్చటచ్చట రాతికట్టలు అడ్డముగా వేసినచో, ఒక్క పెద్ద దూకుడు పెక్కు చిన్న మెట్లుగా మారును. నీటి బలము విరుగును. కట్ట వెనుక మట్టి నిలుచును.

బాలబాలికలారా! మీకొక పని యిచ్చి ఈ పాఠమును ముగింతుము. మీ చేనికి దగ్గరనున్న వంక అంచునుండి సరిగా మూడు మీటర్ల దూరమున, చేని వైపుగా ఒక మేకు పాతుడు. ప్రతి మంచి వానకు పిమ్మట, వాన వెలిసి నీరు తగ్గినతరువాత మాత్రమే పోయి, మేకునుండి అంచువరకు గల దూరమును కొలిచి, తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాసికొనుడు. సంవత్సరాంతమున ఆ లెక్కను మీ తండ్రిగారికి చూపుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఆ పుస్తకమును తెచ్చినపుడు, ఆటకాగితమని ప్రక్కన పెట్టకుడు. అందు వ్రాసియుండునది మీ చేను ఎంత దూరము నడచిపోయెనో తెలుపు లెక్క.

జోగ్‌ను, నయాగరాను మనలో కొందరు చూతురు, కొందరు చూడకపోవుదురు. అందుచే విద్యకు లోపము లేదు. మరువమీది నీరు ఏల దూకెనో, ఎచ్చట త్రవ్వెనో తెలిసికొని, తొలగిన రాతిని మరల దాని చోట పెట్టిన బాలుడు జలపాతములను చదివినవాడే.